బోల్టు పిడికి వెండి టంకం

బొంబాయి అనే మాట వింటే నాకు ఇప్పటికి ఒళ్ళు మండుతది. ఆ ఊరిని నేను చూసింది లేదు, అది నాకు చేసిన అన్యాయం కూడ ఏం లేదు. కని ఆంధ్రప్రదేశ్ అని కొత్త పేరు వచ్చిన ఆ మొదటి ఏండ్లల్ల, కరీంనగర్ల మా వాడకట్టుకు ఆ ఊరు సర్ది లెక్క అంటుకున్నది. నూలు దొరుకక, మగ్గాలు నడువక నేతపనోళ్ళు జట్లు జట్లుగ బొంబాయి మిల్లులకు పోతుండిరి. వాళ్ళు పోయిండ్రంటే అర్థమున్నది, మిల్లుల ఉండేది బట్టపనే. మగ్గం ఎన్నడు ముట్టని మా ఆయనకు కూడ ఆ గాలి తగిలింది. నాకు గదే మంట.

మా ఆయన తుపాకులు బాగుజేసేటోడు. పుట్టింది కమ్మరింట్ల. వాళ్ళ బాపు నాగటి కర్రులు సాగగొడితే, ఈయన మీసాలు రాకముందే ఒక జాగీర్దారు దేవిడిల తుపాకులు తుడిచే పనికి చేరిండు. తుడుసుకుంట తుడుసుకుంట విప్పుడు, బిగించుడు నేర్చుకున్నడు. మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయినంక దేవిడి తుపాకులన్ని సర్కారుకు జమ అయినయి. ఈయన కరీంనగర్ వచ్చి, లైసెన్సు ఉన్న ఒక ముసలి ఉస్తాద్ దుకాణంల కుదిరిండు. చేతిల పనున్నోడని మా బాపు నన్ను ఈయనకిచ్చిండు. మాది వెండి తీగపని చేసే ఇల్లు. వెండోళ్ళ పిల్ల ఇనుపోళ్ళ ఇంటికి పోవుడంటే మా దిక్కు జర తక్కువనే. ఐనా మా బాపు, ‘నేను ఇల్లు చూడలే, ఆ పిలగాని చేతులు చూసిన’ అన్నడు. ఆ మాట తరువాత ఆయనే మర్చిపోయిండు.

ఏండ్లు గడిచినకొద్ది దుకాణంల పని సన్నబడ్డది. జాగీర్లు పోయినయి, జాగీర్ల తోని వేటలు పోయినయి. అందుట్ల ఉస్తాద్ కండ్లకు పొరలు కమ్మినయి. దుకాణం లైసెన్సు ఆయన పేరు మీదనే ఉండె. కండ్లు కనవడని మనిషికి సర్కారోళ్ళు మల్లొకసారి రాసియ్యరు. మా ఆయన పేరు మీద రాపియ్యాలంటే, గీయనకు పని వచ్చు, గీయన నమ్మదగ్గోడు అని పెద్దమనిషి ఒకాయన కలెక్టరాఫీసుల నిలవడి చెప్పాలె. మా అసొంటోళ్ళకు గంత పెద్దమనిషి యాడ దొరుకుతడు? ఇగ కానిపని అనుకొని, అమాస దాటినంక పోయే జట్టుల ఈయన బొంబాయికి పేరు చెప్పి వచ్చిండు. రేకుపెట్టెల అంగీలు కూడ మడిచి పెట్టుకున్నడు.

‘నువ్వు పిల్లను తీసుకొని మీ బాపింట్ల ఉండు, నాలుగు రోజులు’ అన్నడు.

నాలుగు రోజులట. మా పక్కింటామె మొగడు కూడ గట్లనే చెప్పి పోయిండు, అప్పుడు కడుపుల ఉన్న పిల్ల ఇప్పుడు బడికి పోతున్నది. నేను ఆ పెట్టెను తీసుకపోయి అటుక మీద పడేసిన. ఆయన దించుకున్నడు. నేను మల్ల ఎక్కిచ్చిన. మా ఇంట్ల ఆ వారమంత గదే పంచాయితి.

గా రోజుల్లనే ఇచ్చోడ నుంచి ఒక సాబు వచ్చిండు. అడవిశాఖల, గదే జంగ్లాతుల, పెద్ద నౌకరి చేసి దిగినాయన. తెల్లగడ్డం, ఇస్త్రీ షేర్వాణి, మాట మెత్తగ. నేను మధ్యాహ్నం సద్ది తీసుకొని దుకాణానికి పోయేసరికి ఆయన బల్ల మీద ఒక రైఫిల్ పరిచి ఉన్నది. తుపాకులను నేను లెక్కచెయ్యను, ఇంట్ల నూనె వాసన తప్ప వాటితోని నాకు ఒరిగిందేం లేదు. కని గా రైఫిల్ ముందట నేను కూడ నిలవడ్డ. అక్రోటు కట్టె, సన్నని నల్ల గొట్టం, యాడ కూడ ఎక్కువ లేదు, తక్కువ లేదు. సాబు వాళ్ళ అబ్బా, అంటే వాళ్ళ బాపు, తన కొలతలు తెల్లోళ్ళ సీమకు పంపి, తన భుజానికి, తన చేతికి సరిపోయేటట్టు చేయించుకున్నదట అది.

ఆ రకం రైఫిల్‌కు కుడిపక్క ఒక ఇనుప పిడి ఉంటది. దాన్ని పైకి ఎత్తి వెనుకకు గుంజి, ముందుకు నూకి కిందికి వంచితే లోపల గుండు కూసుంటది. లోపల నడిచే ఆ ఇనుప కడ్డీని బోల్టు అంటరు. పిడి లేకుంటే బోల్టు కదలది, బోల్టు కదలకుంటే రైఫిల్‌కు, దుడ్డుకర్రకు ఫరక్ లేదు. సాబు ఎడ్లబండి ఒకసారి వాగు ఒర్రెల బోల్తపడి, పిడి నడుమకు విరిగిందట. ఎవడో లారీ షెడ్డోడు ఒక సలాక ముక్క తెచ్చి దానికి అతికిచ్చిండు. అంత అందమైన రైఫిల్‌కు పక్కపొంటి గా సలాక. చూస్తే నాకే కోపమొచ్చింది.

సాబు జేబుల నుంచి రుమాలు తీసి విప్పిండు. అండ్ల విరిగిన అసలు పిడి ఉన్నది, కొసకు గుబ్బతోని. గుబ్బ మీద సన్నసన్న అడ్డగీతలు, సీతాఫలం మీద ఉన్నట్టు. ఒక్క పక్క మాత్రం గుబ్బ చదునుగ ఉన్నది.

‘మా అబ్బాకు చూపుడువేలు సగమే ఉండె’ అన్నడు సాబు. ‘ఆ సగం వేలు ఆనేటట్టు ఇక్కడ చదును చేయించుకున్నడు. హైదరాబాద్‌ల చూపిచ్చిన. సీమ నుంచి కొత్త పిడి తెప్పిస్తమన్నరు. నేను కొత్తది ఏం చేసుకోవాలె? నాకు ఇదే కావాలె. గోడకు తగిలిచ్చేటందుకు కాదు, చూడుండ్రి. జొన్నచేన్లల్ల పందులు పడుతున్నయి. పేల్చాలె, నిలవాలె.’

ఉస్తాద్ ఆ గుబ్బను చేతిలకు తీసుకొని బొటనవేలుతోని నిమిరిండు. కండ్లు పోయినంక ఆయన చూపంత వేళ్ళల్లకు దిగింది. జర సేపటికి నవ్వి, ‘సాబ్, ఇది నిలవడితే మా పిలగాని కోసం కలెక్టరాఫీసుకు వస్తరా?’ అని అడిగిండు. ముసలాయన మనసుల ఏముందో అప్పుడు తెలిసింది నాకు.

‘నిలవడితే నడిచొస్త’ అన్నడు సాబు.

సాబు, నేను మా ఆయన దిక్కు చూసినం. ఆయన నేల దిక్కు చూస్తుండు. చేస్త అనడు, చెయ్య అనడు. నాకు లోపల కుతకుత ఉడుకుతున్నది. సద్దిగిన్నె బల్ల మీద టప్పున పెట్టి, ‘చేస్తడు సాబ్, అమాస లోపల చేస్తడు’ అన్న. మా ఆయన నన్ను చూసిన చూపు చూస్తే, ఆ గిన్నె మూత తీసి నా నోటికి పెట్టేటట్టున్నది.

దారి పొడుగుత నన్ను తిట్టుకుంటనే వచ్చిండు. ‘నీకేం తెలుసని ఒప్పుకున్నవే? బోల్టు ముందట రెండు చెవులుంటయి. గుండు పేలినప్పుడు ఆ దెబ్బను ఆపేటియి అవే. పిడికి పెట్టిన వేడి ఆ చెవుల దాక పాకితే అవి మెత్తవడతయి. మెత్తవడ్డ బోల్టు పేల్చినోని మొఖం మీదికే వస్తది. ఇత్తడితోని అతికిస్తే గంత వేడి పెట్టక తప్పది. సీసం టంకం పెడితే రెండో గుండుకే ఊడుతది.’

‘ఆ రెండిటి నడుమ ఏం లేదా?’

‘ఉన్నది. వెండి టంకం. దేవిడిల సీమ తుపాకులకు చూసిన, అతుకు కాడ సన్న తెల్లగీత. కని నాకు రాదు.’

నేను నడిబజార్ల నిలవడ్డ. ‘వెండోళ్ళ పిల్లను చేసుకొని, ఊళ్ళ వెండి టంకం దొరుకుతలేదని తిరుగుతున్నవా?’

‘మీ బాపు నాకు చెప్తడా? నీకే చెప్పలే’ అన్నడు.

ఆ మాట నాకు తగలాల్సిన కాడ తగిలింది. ఎందుకంటే అది నిజం.

మా ఇంట్ల ఆడపిల్లలు తీగ గుంజుతరు, మెలి పెడతరు, చుట్టలు చుడతరు, గురిగింజలు నూరిన జిగురుతోని పువ్వు పువ్వును కూర్చి పెడతరు. కని ఊదుగొట్టం ముట్టనియ్యరు. టంకంల వెండి ఎంత, ఇత్తడి ఎంత, వెలిగారం ఎప్పుడు చల్లాలె, మంట ఏ రంగుకు వస్తే ఆపాలె, ఇవి కొడుకులకే. ఆడపిల్లకు తెలిస్తే ఇంకో ఇంటికి పోతదని. బాపు టంకం కలిపేటప్పుడు గోడ దిక్కు మొఖం పెట్టి కూసునేటోడు. ఆయన వీపు నాకు ఎంత బాగ తెలుసో మొఖం అంత తెల్వది.

ఐనా నేను ఊదుడు నేర్చుకున్న. ఊదుగొట్టంల అసలు పని ఏందంటే, ఊపిరి తెగొద్దు. బుగ్గల నిండ గాలి పట్టి అది నోట్ల నుంచి పోతుంటే, ముక్కుతోని కొత్త గాలి తీసుకోవాలె. మా పెరట్ల బొప్పడి చెట్టు ఉండె. దాని ఆకు కాడ లోపల డొల్ల ఉంటది. ఆ కాడ తీసుకొని నీళ్ళ బిందెల ముంచి ఊదుతుంటి. బుడగలు ఆగకుండ రావాలె, గదే నా పరీక్ష. అవ్వ చూసి, నీళ్ళు ఎంగిలి చేస్తున్నవని వీపు మీద ఒకటి ఇచ్చేది. ఎందుకు ఊదుతున్ననో ఆమెకు తెలుసని ఇప్పుడనిపిస్తది.

తెల్లారి బాపింటికి పోయిన. సంగతంత చెప్పిన. బాపు చేతిల పని ఆపకుండనే విన్నడు. అత్తరుదాని మూతకు ఆకులు పెడుతున్నడు.

‘ఇనుముకు వెండి పెట్టుడా’ అన్నడు. ‘అత్తరుదానికి పెట్టే టంకం తీసుకపోయి తుపాకికి పెడితే, మా తాతలు నన్ను మెచ్చుకుంటరా? తుపాకులకు రోజులు పోయినయి బిడ్డా. పోనియ్యి బొంబాయికి. మిల్లు ఎన్నడు ఆగది.’

‘మిల్లు ఆగది, ఎరుకే. నా ఇల్లు ఆగుతది’ అన్న. ‘నన్ను ఆ ఇంటికి ఇచ్చింది వాడకట్టోళ్ళా? చేతులు చూసి ఇచ్చిన అన్నవు. ఆ చేతులను ఇప్పుడు తెగిన దారాలకు ముడులేసేందుకు పంపుతవా? నాకు మొగడు కావాలె బాపూ. పండుగకు వచ్చి పోయే చుట్టం కాదు.’

గంత అన్ననో లేదో ఏడుపొచ్చింది. నాకు కోపమొచ్చిన ప్రతిసారి ఏడుపొస్తది, గదొక ఖర్మ. గెలిచే కొట్లాటల కూడ ముక్కు చీదుకుంటనే నిలవడుత. బాపు తల ఎత్తలే. వంటింట్ల అవ్వ గిన్నెలు మాత్రం మామూలు కంటె గట్టిగ సప్పుడైనయి. నేను చాయ కూడ తాగకుండ వచ్చిన.

ఇక్కడ మా ఆయన ఊకె కూసోలే. నేను ఒప్పుకున్నందుకు తిట్టుకుంటనే, ఆ సలాక ముక్కను ఆకురాయితోని కొద్దికొద్దిగ రాకి తీసేసిండు. విరిగిన రెండు కొసలను చదును చేసి, రెండిట్ల చిన్న గూడు తవ్వి, నలుపలకల సీల ఒకటి చేసిండు. సీల గుండ్రంగ ఉంటే గుబ్బ తిరుగుతది, తిరిగితే ఆ చదును జాగ వేలు కిందికి రాదు. నలుపలకలది ఐతే ఎట్ల పెట్టింది అట్లనే ఉంటది. అతుకు పెట్టకముందే ఆ రెండు ముక్కలు ఎంత మంచిగ కూసున్నయంటే, వెంట్రుక దూరదు. గంత పని వచ్చిన మనిషి బొంబాయికి పోయి ఏం చేస్తడు?

ఆనాడే పొద్దు నెత్తిమీదికి వచ్చినంక దుకాణం ముందట బాపు నిలవడ్డడు. చంకల కట్టెపెట్టె. మొఖం చింతపండు తిన్నట్టు.

‘రాండ్రి మామా, కూసోండ్రి’ అని మా ఆయన లేచిండు.

‘కూసునేందుకు రాలే’ అన్నడు బాపు. కని కూసున్నడు.

లైసెన్సు దుకాణం కాబట్టి బోల్టు గడప దాటొద్దు. వెనుక పెరట్ల రేకుల కింద కుంపటి, ఊదేందుకు ఒక నూనెదీపం పెట్టినం. మా ఆయన బోల్టు లోపలి స్ప్రింగు, సూది విప్పేసి, ముందట చెవులున్న కొసను నీళ్ళకుండల నిలవెట్టి, పిడి మొదట్ల దాక తడి బంకమన్ను మెత్తిండు. మన్ను తడిగ ఉన్నంత సేపు వేడి కిందికి పోలేనట్టు. ఎండిందంటే ఆపాలె. మన్ను మీద కన్ను వేసి ఉంచుడు నా పని అన్నరు. బాపు టంకం కలిపేందుకు గోడ దిక్కు తిరిగిండు. పెట్టె తెరిచే ముందు, ‘అల్లుడా, జర అటు పో’ అన్నడు. పని ఈయనది, పనిజేసే జాగ ఈయనది, ఈయనే బయటికి పోవాలె. మా ఆయన నవ్వాపుకొని అటు తిరిగిండు. ఉస్తాద్, ‘నేను ఉండొచ్చా భాయ్, నాకెట్ల కనవడది’ అన్నడు. బాపుకు కూడ నవ్వొచ్చింది, కని బయటికి రానియ్యలే.

బాపు పనిల దిగిండు. వెలిగారం పొంగి పేలాల లెక్క లేచి, మల్ల కరిగి నీళ్ళైంది. ఊదుగొట్టం కింద దీపం మంట సూది లెక్క సాగి అతుకు మీద పడ్డది. ఇనుము జేగురు రంగుకు వచ్చింది. టంకం ఒక్కపారి మెరిసి సందుల చుట్టు పారింది. మన్ను తడిగనే ఉన్నది. నేను ‘మంచిగున్నది’ అన్నంతల, బాపు పటకారతోని బోల్టును లేపి, పక్కన ఉన్న పులుసునీళ్ళల్ల ముంచిండు.

వెండిపని చేసేటోళ్ళ ఇండ్లల్ల గదే పద్ధతి. అతికిన వస్తువును వేడివేడిగనే చింతపండు పులుసుల ముంచితే వెలిగారం పెంకు ఊడి తెల్లగ వస్తది. ఆయన చెయ్యి పుట్టినప్పటి సంది చేసిన పని అది, చెప్పకుండనే చేసేసింది. ఇనుము వెండి కాదు. చుయ్ మన్నది, దాని వెనుకనే చిన్నగ టిక్ మన్నది. మా ఆయన బోల్టును తీసి పిడిని వేళ్ళతోని జర వంచిండు. పిడి ఆయన చేతిలకు ఊడి వచ్చింది.

బాపు ఆ రెండు ముక్కల దిక్కు చూస్తనే ఉన్నడు. ఆయన మొఖం గట్ల ఎన్నడు చూడలే నేను. నా కోపమంత యాడికి పోయిందో.

మా ఆయన ముక్కలను మన్ను తుడిచి బల్ల మీద పెట్టిండు. ‘ఏం కాలే మామా’ అన్నడు. ‘మా కమ్మరోళ్ళ ఇండ్లల్ల కూడ కాలిన ఇనుమును చూస్తే నీళ్ళల్ల ముంచబుద్ధైతది. కొడవలిని ముంచుతం, గొడ్డలిని ముంచుతం. నేను చెప్పాల్సింది, ముంచొద్దని. మర్చిపోయిన. బోల్టుకేం కాలే, మన్ను కాపాడింది. రేపు మల్ల పెడదం.’

బాపు లేచి పెట్టె సర్దుకొని పోయిండు. వస్తనని అనలే. అమాస ఎల్లుండికి ఉండె. ధర్మపురి నర్సింహసామికి నేను ఆనాడు ఎన్ని మొక్కులు మొక్కిన్నో, అన్ని తీర్చాలంటే ఇంకో జన్మ కావాలె.

తెల్లారి మేము దుకాణం తెరిచేసరికి బాపు అరుగు మీద కూసోని ఉన్నడు. మా ఆయన కొసలను మల్ల రాకి, కొత్త సీల పెట్టి, మన్ను మెత్తిండు. బాపు పెట్టె తెరిచిండు. ఈసారి గోడ దిక్కు తిరుగలే. నా దిక్కు తిరిగి కూసున్నడు.

‘చూడు’ అన్నడు.

వెండి రజను, ఇత్తడి రజను పాళ్ళు నా కండ్ల ముందట పోసి కలిపిండు. నేను చూస్తున్ననా లేదా అని ఒక్కొక్క దానికి తల ఎత్తి చూసిండు. పాళ్ళు ఎంతెంతనో ఇక్కడ రాయను. మా ఇంటి సంగతి, మా ఇంట్లనే ఉంటది.

బాపు ఊదుడు షురూ చేసిండు. ఇనుము వేడెక్కుతుండంగనే ఆయనకు దగ్గొచ్చింది. మంట వణికింది. మల్ల పట్టిండు, మల్ల దగ్గొచ్చింది. ఎన్నేండ్ల పొగ ఆ ఛాతిల ఉన్నదో. నిన్న కూడ కష్టంగనే ఊదిండు, నేను మన్నును చూసుకుంట ఆయనను చూడలే. మూడోసారి దగ్గంగనే బాపు ఊదుగొట్టం నోట్ల నుంచి తీసి, కొసను తన రుమాలుతోని తుడిచి, నా చేతిల పెట్టిండు.

‘ఊదు. నీకు వస్తది’ అన్నడు. ‘బొప్పడి కాడ తోని నేర్చుకున్నవు గద. బిందెల బుడగల సప్పుడు నాకు ఇనరాదా?’

ఇనుము సల్లవడుతున్నది. బుగ్గల నిండ గాలి పట్టి ఊదిన. మంట సాగింది. ముక్కుతోని గాలి తీసుకున్న, మంట తెగలే. బాపు నా చెవి కాడ, ‘కొసను ఇటు, జర ఇటు, ఆ, గట్లనే’ అనుకుంట వేలు చూపిచ్చిండు. వెలిగారం నీళ్ళైంది. జేగురు రంగు వచ్చింది. నా కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి, పొగకే అని చెప్పుకున్న. టంకం మెరిసింది. పారింది. అతుకు చుట్టు ఉంగరం లెక్క తిరిగి వచ్చి కలిసింది.

‘ఆపు’ అన్నడు బాపు.

ఆపిన. చూస్తే బాపు కుడిచెయ్యి పులుసునీళ్ళ దిక్కు పోతున్నది. ఆయన ఎడమచేతితోని ఆ కుడిచేతిని గట్టిగ పట్టుకొని కూసున్నడు. ఉస్తాద్‌కు సంగతి చెప్తే పొట్ట పట్టుకొని నవ్విండు. మా ఆయన బోల్టును పటకారతోని మెల్లగ లేపి, కుంపటి పక్కన వెచ్చటి బూడిద గుంతల పండవెట్టి, పైకెల్లి బూడిద కప్పిండు. పసిపిల్లను పండవెట్టినట్టే చేసిండు. సాయంత్రం దాక దాన్ని ఎవరం ముట్టలే.

పొద్దుగూకే ముందు తీసిండు. కట్టెసుత్తితోని కొట్టిండు, ఊడలే. బల్లకున్న ఇనుప పట్టుల బిగించి మీద పడి వంచిండు, కదలలే. ఎక్కువైన టంకాన్ని రాకి, నూనెరాయి పట్టిండు. ఉస్తాద్ గుబ్బ నుంచి మొదట్ల దాక వేళ్ళు నడిపిండు, మల్ల వెనుకకు నడిపిండు. ‘యాడ అతికిచ్చినవ్ రా’ అన్నడు. కండ్లున్నోళ్ళకు మాత్రం సన్నని తెల్లగీత కనవడుతది.

తెల్లారి అమాసనాడు సాబు వచ్చిండు. బోల్టు ఎక్కిచ్చి, పిడి మీద చెయ్యి పెట్టిండు. పెట్టి, తన చూపుడువేలును సగానికి మడిచిండు. మడిచిన ఆ వేలును చదును జాగల ఆనిచ్చి కొద్దిసేపు కండ్లు మూసుకున్నడు. మేము అటుఇటు చూసినం. తరువాత పిడి ఎత్తి, గుంజి, నూకి, వంచిండు. టక్కున కూసున్నది.

‘పేల్చి చూసినంక చెప్త’ అన్నడు. రైఫిల్ తీసుకొని బస్సెక్కి పోయిండు.

ఆ మాట మీద ఏం పట్టుకొని ఉండాలె? బొంబాయి జట్టు రెండోనాడు పొద్దుగాల పోతున్నది. ఇచ్చోడ నుంచి కబురు రాలే, వచ్చే దారి లేదు. ఆ పొద్దుగాల జట్టుల మనిషి వచ్చి వాకిట్ల నిలవడి పిలిచిండు. మా ఆయన అటుక మీది నుంచి రేకుపెట్టె దించిండు. నేను మొదటిసారి నోరు మూసుకొని నిలవడ్డ. అనేదంత ముందే అన్న, ఇంకేం మిగిలిందని? చంకల పిల్లను గట్టిగ పట్టుకున్న, అది ఏడిచేటంత గట్టిగ.

ఆయన పెట్టె తెరిచి, అండ్ల అంగీలు తీసి దండెం మీద వేసిండు. ఖాళీ పెట్టెల తన ఆకురాళ్ళు, చిన్న సుత్తి, నూనెరాయి పెట్టుకున్నడు. వాకిట్లకు పోయి జట్టోనితోని, ‘నేను వస్తలేను తమ్మీ, మీరు పోండ్రి’ అన్నడు.

‘సాబు చెప్పకముందేనా?’ అని అడిగిన నేను.

‘ఆయన చెప్పేదేముంది? సీల నేను పెట్టిన, ఊదింది నువ్వు. నిలవడతది’ అన్నడు.

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళ సంది ఎదురుచూసిన్నో ఆయనకు తెల్వది. సాబు వచ్చి చెప్తే సంతోషమే, కని ఈయన నోట్ల నుంచి వచ్చుడు వేరు. ఆ పెట్టె పట్టుకొని ఆయన దుకాణం దిక్కు పోతుంటే నేను వాకిట్ల నిలవడి మలుపు తిరిగేదాక చూసిన.

సాబు తరువాత వచ్చిండు. పందులు జొన్నచేను ఇడిసిపెట్టినయట. చెప్పినట్టే కలెక్టరాఫీసుకు నడిచి వచ్చి మా ఆయన పక్కన నిలవడ్డడు. లైసెన్సు మా ఆయన పేరు మీదికి వచ్చింది. ఉస్తాద్ ఉన్నన్ని రోజులు దుకాణంలనే కూసోని, వచ్చిన ప్రతి తుపాకిని వేళ్ళతోని చూసి వంకలు పెట్టేటోడు.

ఆ ఏడు అవ్వ, బాపు నాకు ఒడిబియ్యం పోసిండ్రు. పుట్టింటోళ్ళు ఆడబిడ్డ ఒడిల బియ్యం పోసి దీవించుడు మా దిక్కు ఆచారం. కొత్త చీర కట్టుకొని పీట మీద కూసున్న. అవ్వ దోసిళ్ళతోని పసుపు బియ్యం పోసింది, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టింది, రవికగుడ్డ పెట్టింది, పసుపుకొమ్ములు పెట్టింది. ఆమె ఐపోయినంక బాపు వచ్చి వంగిండు. ఆయన కూడ దోసెడు బియ్యం పోసిండు. అండ్లకెల్లి బరువైంది ఏదో నా ఒడిల పడ్డది. బియ్యం జరిపి చూస్తే ఊదుగొట్టం. బాపు నోరు ఆని ఆని ఒక కొస సన్నగ అరిగిన, తాతల నాటి ఇత్తడి ఊదుగొట్టం.

చుట్టాలు ముక్కుల మీద వేలేసుకున్నరు. ఆడపిల్ల ఒడిల ఊదుగొట్టమేందని ఒకామె అననే అన్నది.

‘నీ పెండ్లికే పెట్టాల్సింది బిడ్డా, మర్చిపోయిన’ అన్నడు బాపు.

నేను కొంగు ముడి వేసుకున్న. బియ్యం బరువు, గొట్టం బరువు కలిసి ముడి కిందికి గుంజుతుంటే, రెండు చేతులతోని పట్టుకొని లేచి నిలవడ్డ.